సున్నపురాయి నేలపై నాలుగు గంటలు

డయాలిసిస్ రోగి రక్తపోటును ఉప్పు, నీరు మాత్రమే శాసిస్తాయని చాలామంది నమ్మకం. యంత్రంలో ప్రవహించే ద్రవంలో కరిగి ఉన్న రవ్వంత కాల్షియం చేతిలో కూడా ఒక పగ్గం ఉంది.

మూడవ గంట గడిచింది. మంచం పక్కనున్న యంత్రం నెమ్మదిగా, అలుపు లేకుండా తిరుగుతోంది. మొదట్లో 150/90 ఉన్న రక్తపోటు గంటగంటకూ దిగి ఇప్పుడు 100 దగ్గర ఊగిసలాడుతోంది. మంచంమీది మనిషి ఒకటి రెండు సార్లు ఆవులించాడు. నిద్రకు వచ్చే ఆవులింతలు కావవి. అనుభవజ్ఞురాలైన నర్సు ఆ సంగతి గ్రహించి, చేతిలోని పని వదిలి వచ్చింది.

"ఏటయింది మావా? మాటాడవేటి?" అన్నది గోడవార బల్లమీద కూర్చున్న భార్య.

"ఏటీ నేదు. కళ్ళు తిరుగుతున్నాయి, అంతే."

ఆ మాట పూర్తి కాకముందే పిక్కలు రాళ్ళలా బిగుసుకుపోయాయి. యంత్రం గంట మోగింది. రక్తపోటు 80/50. నర్సు మంచం తలవైపు దించి, కాళ్ళవైపు ఎత్తింది. నీటిని లాగే మీట ఆపి, కొద్దిగా సెలైన్ ఎక్కించింది. పది నిమిషాల్లో మనిషి తేరుకున్నాడు. కాని ఆ రోజు తీయవలసిన నీటిలో అర లీటరు శరీరంలోనే మిగిలిపోయింది.

ఇది ఏ ఒక్కరి కథా కాదు. డయాలిసిస్ జరిగే ఏ గదిలోనైనా కనిపించే దృశ్యమే. ఈ దంపతులు ఉక్కు నగరమైన భిలాయిలో, క్యాంప్ 2లో నివసిస్తున్నారని అనుకోవచ్చు. ఆ పేరులోనే దాని చరిత్ర ఉంది. 1955లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరి కర్మాగార నిర్మాణం ఆరంభమైనప్పుడు దేశం నలుమూలలనుంచి వచ్చిన కూలీలకు వేసిన శిబిరాలే క్యాంప్ 1, క్యాంప్ 2. 1959 ఫిబ్రవరిలో రాష్ట్రపతి రాజేంద్ర ప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించారు. నిర్మాణం ముగిసినా శిబిరాలు ఎత్తివేయలేదు. పవర్ హౌస్ రైల్వే స్టేషను చేరువలో అవి శాశ్వతమైన పేటలైపోయాయి. విజయనగరంనుంచి రాయగడ, టిట్లాగఢ్ మీదుగా రాయపూర్‌కు పోయే రైలుమార్గం పట్టుకుని వచ్చిన ఉత్తరాంధ్ర కుటుంబాలు ఈ నగరంలో అనేకం. మూడవ తరం పిల్లలు బడిలో హిందీ, వీధిలో ఛత్తీస్‌గఢీ మాట్లాడినా అమ్మమ్మ దగ్గర మాత్రం శ్రీకాకుళం యాసే.

ఆ రోజు ఇంటికి వెళ్తూ ఆ భార్య అడిగిన ప్రశ్న న్యాయమైనది. "ఉప్పు మానేశాడు. నీళ్ళు గ్లాసుతో కొలిచి ఇస్తన్నాను. అయినా ఓరోజు ప్రెషరు ఆకాశానికి, ఓరోజు పాతాళానికి పోతాదేటి?"

ఈ ప్రశ్నకు సమాధానంలో చాలా భాగం ఉప్పు, నీళ్ళ దగ్గరే ఉంది. మిగిలినది మాత్రం చాలామంది రోగులు పేరైనా వినని ఒక అంకెలో దాగి ఉంది.

ఆరోగ్యవంతుని మూత్రపిండాలు రాత్రింబవళ్ళు చేసే పనిని డయాలిసిస్ యంత్రం వారానికి రెండు మూడు సార్లు, ఒక్కొక్కసారి నాలుగు గంటల్లో ముగించాలి. రక్తం ఒక గొట్టంలోకి వచ్చి, వెంట్రుకలంత సన్నని వేలాది బోలు నాళాలున్న వడపోత గుండా పోతుంది. ఆ నాళాల వెలుపల, రక్తానికి ఎదురు దిశలో, మరొక ద్రవం ప్రవహిస్తూ ఉంటుంది. రెంటి మధ్య ఉన్నది పలుచని పొర. ఎక్కువ ఉన్నచోటినుంచి తక్కువ ఉన్నచోటికి లవణాలు ఆ పొర దాటి పోతాయి. యూరియా రక్తంలో ఎక్కువ, ద్రవంలో శూన్యం; కనుక అది బయటికి పోతుంది. పొటాషియం కూడా అంతే. కాని కాల్షియం సంగతి వేరు. అది అటు పోవాలా, ఇటు రావాలా అన్నది ద్రవంలో ఎంత కలిపారన్నదానిమీద ఆధారపడి ఉంటుంది.

ద్రవం నిమిషానికి సుమారు 500 మిల్లీలీటర్ల చొప్పున ప్రవహిస్తుంది. అంటే నాలుగు గంటలకు 120 లీటర్లు. రోజుకు ఒక లీటరు నీరు తాగడానికే లెక్క చూసుకునే మనిషి రక్తం, వారానికి మూడుసార్లు 120 లీటర్ల నీటితో ముఖాముఖీ నిలుస్తుందన్న మాట. ఆ నీటిలో ఏమున్నదన్నది చిన్న విషయం కాదు.

ఇటువంటి యంత్రాన్ని మనిషికి ఉపయోగపడేటట్లు మొదట తయారుచేసినవాడు నెదర్లాండ్స్ వైద్యుడు విల్లెం కోల్ఫ్. 1943లో, జర్మన్ ఆక్రమణలో ఉన్న కాంపెన్ పట్టణంలో, మాంసపు సాసేజీలు చుట్టే సెలోఫేన్ గొట్టాన్ని ఒక పెద్ద పీపాకు చుట్టి ఆయన పని ప్రారంభించాడు. మొదటి రోగుల్లో దాదాపు ఎవరూ దక్కలేదు. 1945లో 67 ఏళ్ళ స్త్రీ ఒకామె స్పృహ తెలిసి లేచి కూర్చున్నది. అక్కడినుంచి చరిత్ర మారింది. అయితే ద్రవంలోని కాల్షియం కథ అంతకు ఆరు దశాబ్దాల ముందే, ఒక కప్ప గుండెతో మొదలయింది.

1880 దశకం ఆరంభంలో లండన్ యూనివర్సిటీ కాలేజీ ఆసుపత్రి వైద్యుడు సిడ్నీ రింగర్ తీరిక దొరికినప్పుడల్లా ప్రయోగశాలలో కూర్చుని, శరీరంనుంచి వేరుచేసిన కప్ప గుండెను ఉప్పునీటిలో కొట్టుకునేట్లు చేసి పరిశీలించేవాడు. మంచినీటిలో సోడియం క్లోరైడు కలిపితే చాలు, గుండె గంటలకొద్దీ కొట్టుకుంటుందని ఆయన 1882లో ప్రకటించాడు. ఆ తరువాత అదే ప్రయోగం మళ్ళీ చేస్తే గుండె కొద్దిసేపట్లోనే నీరసించి ఆగిపోయింది. ఆరా తీయగా అసలు విషయం బయటపడింది. మొదటిసారి వాడినది బట్టిపట్టిన శుద్ధజలం కాదు. లండన్ నగరానికి న్యూ రివర్ కంపెనీ సరఫరా చేసే కుళాయి నీరు! సహాయకుడు చేసిన పొరపాటు అది. ఆ కుళాయి నీటిలో సున్నం ఉంది. శుద్ధజలంలో లేదు. రింగర్ శుద్ధజలానికి రవ్వంత కాల్షియం చేర్చగానే ఆగిన గుండె మళ్ళీ కొట్టుకోసాగింది. 1883లో ఆయన తన పొరపాటును దాచకుండా వెల్లడించి, కొత్త వ్యాసం ప్రకటించాడు. విజ్ఞానశాస్త్రంలో ఇంత ఫలవంతమైన పొరపాట్లు ఎక్కువ లేవు. నేడు ఆసుపత్రుల్లో "ఆర్.ఎల్." అని పిలిచే సీసాలో ఆ డాక్టరు పేరే మొదటి అక్షరం.

గుండె కండరమైనా, రక్తనాళపు గోడలోని కండరమైనా ముడుచుకోవాలంటే కాల్షియం కావాలి. మన పాత పాఠ్యపుస్తకాలు ఖటికమని పిలిచిన ఈ మూలకంలో 99 శాతం ఎముకల్లోనూ పళ్ళలోనూ ఉంటుంది. మిగిలిన ఒక్క శాతమే కండరాలను, నరాలను నడుపుతుంది. రక్తంలో 100 మిల్లీలీటర్లకు ఎనిమిదిన్నరనుంచి పదిన్నర మిల్లీగ్రాములు మామూలు. అందులో దాదాపు సగం ప్రోటీన్లను అంటిపెట్టుకుని ఉంటుంది. మిగిలిన స్వేచ్ఛా కాల్షియమే నిజంగా పనిచేసేది, వడపోత పొరను దాటగలిగేది కూడా అదే. కనుకనే ప్రోటీన్లు తగ్గిన రోగిలో పరీక్షాపత్రంమీద మొత్తం కాల్షియం తక్కువగా కనిపించినా అసలు స్థితి అంత చెడ్డది కాకపోవచ్చు. వైద్యులు ఆల్బుమిన్ అంకె కూడా చూసి లెక్క సరిచేసుకునేది అందుకే.

స్వేచ్ఛా కాల్షియం పెరిగితే గుండె కాస్త గట్టిగా ముడుచుకుంటుంది. నాళాలు కాస్త బిగుస్తాయి. రెండూ రక్తపోటును పెంచేవే. తగ్గితే గుండె పట్టు సడలుతుంది, నాళాలు వదులవుతాయి, పోటు పడిపోతుంది. డయాలిసిస్ గదిలో ఈ మార్పు గంటల్లోనే కనిపిస్తుంది. 1984లో అమెరికన్ పరిశోధకులు ద్రవంలో కాల్షియం మార్చి చూసి, రక్తంలో స్వేచ్ఛా కాల్షియం పెరిగినప్పుడు ఎడమ జఠరిక సంకోచబలం పెరిగిందని నిరూపించారు. ఆ దశకంలోనే మరికొన్ని ప్రయోగాలు రక్తపోటు విషయంలో కూడా అదే దిశను చూపాయి.

ఇక్కడ చాలామందిని తికమకపెట్టే సంగతి ఒకటున్నది. రోగి చీటీలో అమ్లోడిపిన్ అనే రక్తపోటు మాత్ర ఉంటుంది. అది "కాల్షియం ఛానల్ బ్లాకర్" అని ఎవరో చెబుతారు. అదే చీటీలో కాల్షియం మాత్ర కూడా ఉంటుంది. "ఒక డాక్టరు కాల్షియం ఇస్తుంటే మరొకరు ఆపుతున్నారా?" అని కుటుంబాలు అనుమానపడడం, తోచిన మాత్ర మానిపించడం జరుగుతూనే ఉంటుంది. అమ్లోడిపిన్ రక్తంలోని కాల్షియాన్ని తగ్గించదు. నాళపు గోడలోని కండరకణాలకు ఉన్న సన్నని ద్వారాలలోగుండా కాల్షియం లోపలికి పోకుండా అడ్డుకుంటుంది. ఊరిలో ధాన్యం తగ్గించడం వేరు, ఒక ఇంటి తలుపు మూయడం వేరు. రెండు మాత్రలకూ పేచీ లేదు.

యంత్రానికి వెళ్ళే నీటిలో సున్నం ఎక్కువైతే ఏమౌతుందో ప్రపంచం ఒకసారి చూసింది. 1967లో అమెరికా వైద్యపత్రికలో "కఠినజల వ్యాధి" అనే వ్యాసం వెలువడింది. నీటిని మెత్తబరిచే పరికరం పాడైపోయి, కాల్షియం, మెగ్నీషియం నిండిన కఠినజలం నేరుగా డయాలిసిస్ యంత్రంలోకి పోయింది. రోగులకు వికారం, వాంతులు, విపరీతమైన నీరసం, వాటితోపాటు పెరిగిన రక్తపోటు! కారణం తెలిసి నీటిని సరిచేయగానే లక్షణాలు తొలగిపోయాయి. రింగర్ కప్ప గుండెకు జీవం పోసిన కుళాయి సున్నమే, మోతాదు మించితే మనుషులను పడకవేసింది.

భిలాయి వాసులకు ఈ సంగతి మరింత దగ్గరిది. దుర్గ్, రాయపూర్ పరిసరాల నేల కింద ఉన్నది చాలావరకు సున్నపురాయి. జాముల్‌లో సిమెంటు కర్మాగారం వెలసింది దానికోసమే. ఉక్కు కర్మాగారానికి ముడిఇనుము దల్లీ రాజహరానుంచి వస్తే, సున్నపురాయి సమీపంలోని నందిని గనులనుంచి వచ్చింది. అటువంటి నేలలో ఊరిన బోరు నీరు కఠినంగా ఉండడం సహజం. అన్నం వండే గిన్నె అడుగున తెల్లని పొర కట్టడం గృహిణులందరూ ఎరిగినదే. అందుకే ఏ డయాలిసిస్ కేంద్రమైనా మొదట పెట్టుకోవలసినది యంత్రం కాదు, నీటి శుద్ధి గది. ఇసుక వడపోత, మెత్తబరిచే తొట్టి, బొగ్గు వడపోత, చివరకు రివర్స్ ఆస్మాసిస్ పొర. ఇవన్నీ దాటివచ్చిన నీటిలో సున్నం దాదాపు ఉండదు. ఆ ఖాళీ నీటికి కావలసిన కాల్షియాన్ని, సోడియాన్ని, పొటాషియాన్ని కొలిచి మళ్ళీ కలుపుతారు. నేల ఇచ్చిన సున్నాన్ని తీసేసి, వైద్యుడు కోరిన సున్నాన్ని చేర్చడమన్న మాట.

వైద్యుడు కోరేది ఎంత? సామాన్యంగా మూడు అంకెలు వాడుకలో ఉన్నాయి: లీటరుకు 1.25, 1.5, 1.75 మిల్లీమోల్. కొన్ని డబ్బాలమీద ఇవే 2.5, 3, 3.5 అని వేరే కొలమానంలో ఉంటాయి. చూడడానికి తేడా రవ్వంత. కాని 1.75 ద్రవం నాలుగు గంటలపాటు శరీరంలోకి కాల్షియాన్ని తోస్తూ ఉంటుంది. 1.25 దగ్గర దాదాపు సమతూకం. కొందరిలో కొద్దిగా బయటికే పోతుంది.

1.75 వాడుకలోకి రావడానికి ఒక కారణముంది, తగ్గడానికీ ఒక కారణముంది. మూత్రపిండాలు పోయిన మనిషిలో ఫాస్ఫరస్ పేరుకుంటుంది. దాన్ని పేగులోనే పట్టి బయటికి పంపడానికి ఒకప్పుడు అల్యూమినియం మందులు ఇచ్చేవారు. కాల్షియం కొరతను ద్రవంనుంచి తీర్చేవారు. డయాలిసిస్ రోగుల్లో కొందరికి మాట తడబడి, మతి చెడి మరణించడం చూసి, 1976లో అమెరికా వైద్యుడు ఆల్ఫ్రే బృందం ఆ పాపం అల్యూమినియానిదని ఎత్తిచూపింది. మందులోనూ, కొన్నిచోట్ల నీటిలోనూ ఉన్నది అదే. ఆ తరువాత అల్యూమినియం స్థానంలోకి కాల్షియం కార్బొనేటు మాత్రలు వచ్చాయి. అంటే కాల్షియం నోటినుంచీ, ద్రవంనుంచీ కూడా రాసాగింది. రక్తంలో అది మితిమీరసాగింది. అప్పుడు ద్రవంలో తగ్గించారు. అంతర్జాతీయ మూత్రపిండ వైద్యుల మార్గదర్శక సూత్రాలు నేడు సూచించేది 1.25కూ 1.5కూ మధ్య.

మరి రక్తపోటు పడిపోయే మనిషికి కాల్షియం కాస్త పెంచితే సరిపోదా? ఆ రోజుకు సరిపోవచ్చు. కాని ఏళ్ళ తరబడి శరీరంలోకి ఎక్కువగా చేరిన కాల్షియం, ఫాస్ఫరస్‌తో కలిసి రక్తనాళాల గోడల్లో గూడుకడుతుంది. రబ్బరు గొట్టంలా సాగవలసిన ధమని ఇనుప గొట్టమౌతుంది. పై అంకె పెరుగుతుంది, కింది అంకె తగ్గుతుంది. గుండె బరువెక్కుతుంది. విచిత్రమేమంటే, గట్టిపడిన నాళాలున్న మనిషికే నీరు లాగినప్పుడు పోటు హఠాత్తుగా పడిపోవడం కూడా ఎక్కువ.

అయితే మరీ తగ్గిస్తే? అక్కడా గొయ్యి ఉంది. రక్తంలో కాల్షియం చప్పున తగ్గితే గుండెలోని విద్యుత్ ప్రవాహం తిరిగి సర్దుకోవడానికి ఎక్కువ సమయం పడుతుంది, లయ తప్పే అవకాశం పెరుగుతుంది. 1.25 కంటే తక్కువ కాల్షియం ఉన్న ద్రవానికీ, హఠాత్తుగా గుండె ఆగిపోవడానికీ సంబంధమున్నదని 2013లో వెలువడిన అమెరికా పరిశీలన ఒకటి హెచ్చరించింది. పైగా కాల్షియం కొరత మెడలోని పారాథైరాయిడ్ గ్రంథులను రెచ్చగొడుతుంది. అవి ఎముకలను కరిగించి లోటు పూడ్చుకుంటాయి. కనుక ఇది అందరికీ ఒకే అంకె చెప్పగల వ్యవహారం కాదు. ఒకరి గుండె బలహీనం, మరొకరి నాళాలు గట్టిపడ్డాయి, ఇంకొకరి గ్రంథులు ఉబ్బాయి. అంకె మార్చే ముందు వైద్యుడు ఇవన్నీ తూచాలి.

ఇందులో రోగి చేతిలో ఉన్నదేమిటి? మొదటిది మాత్ర. బ్లాస్ట్ ఫర్నేసులో సున్నపురాయి ఎందుకు వేస్తారో భిలాయి కార్మికునికి ఎవరూ చెప్పనక్కరలేదు. ఖనిజంలోని ఇసుక మలినాన్ని పట్టుకుని, చిట్టెంగా మారి, వేరుగా బయటికి పోవడానికి. రోగి మింగే కాల్షియం కార్బొనేటు మాత్ర రసాయనికంగా ఆ సున్నపురాయే! అది చేసే పని కూడా అటువంటిదే. అన్నంలోని ఫాస్ఫరస్‌ను పేగులో పట్టుకుని మలంతో బయటికి పోతుంది. కొలిమిలో ఖనిజం లేనప్పుడు సున్నపురాయి వేసి ప్రయోజనం లేదు. భోజనంతో కలపకుండా, పడుకునే ముందు గుర్తొచ్చినప్పుడు మింగిన మాత్ర ఫాస్ఫరస్‌ను పట్టదు. దానిలోని కాల్షియం మాత్రం ఎక్కువగా రక్తంలోకి చేరుతుంది. మాత్ర ఒక్కటే, వేళ మారితే మందు భారమౌతుంది.

రెండవది వంటిల్లు. చోడి అంబలి ఉత్తరాంధ్ర ఇళ్ళలో తల్లిపాల తరువాతిది. 100 గ్రాముల చోళ్ళలో సుమారు 340 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. ఫాస్ఫరస్, పొటాషియం కూడా తక్కువేమీ కాదు. బలహీనంగా ఉన్నాడని రోజూ రెండు గ్లాసుల అంబలి పోసే ఇల్లాలి ప్రేమను తప్పుపట్టలేము. కాని ఆ సంగతి ఆహారనిపుణురాలికి చెప్పి తీరాలి. తాంబూలంలోని సున్నంకూడా లెక్కలోకి వస్తుంది. సున్నం రాసిన వక్క ఎక్కువగా నమిలి రక్తంలో కాల్షియం మితిమీరినవారి సందర్భాలు వైద్య పత్రికల్లో నమోదై ఉన్నాయి.

ఇంత చెప్పినా, సింహాసనం మాత్రం ఉప్పుదీ, నీటిదే. 1960లో అమెరికాలోని సియాటిల్‌లో బెల్డింగ్ స్క్రిబ్నర్ చేతిలో దీర్ఘకాల డయాలిసిస్ మొదలుపెట్టిన తొలి రోగి క్లైడ్ షీల్డ్స్ అనే యంత్రకార్మికుడు. ఆయనకు రక్తపోటు ప్రాణంమీదికి వచ్చింది. అదనపు నీటిని తీసి, ఉప్పు తగ్గించి దాన్ని అదుపులోకి తెచ్చారు. ఆయన మరి పదకొండేళ్ళు జీవించాడు. నేటికీ అధిక రక్తపోటు ఉన్న డయాలిసిస్ రోగికి వైద్యుడు మొదట చూసేది "పొడి బరువు" సరిగా ఉన్నదా అనే. అదనపు నీరు లేనప్పటి బరువది. ఒక్కొక్క డయాలిసిస్‌లో గంటకు, కిలో బరువుకు 13 మిల్లీలీటర్లకు మించి నీరు లాగితే గుండెకు ప్రమాదమని అధ్యయనాలు చెబుతున్నాయి. 60 కిలోల మనిషికి నాలుగు గంటల్లో అది మూడు లీటర్ల పైచిలుకు. నాలుగు లీటర్లు తాగి వచ్చినవాని రక్తపోటు పడిపోతే ఆ నేరం కాల్షియంమీద మోపడం అన్యాయం.

నీటి లెక్కలో గ్లాసు కనిపిస్తుంది, గిన్నె కనిపించదు. శ్రీకాకుళంలో చద్దన్నం, ఛత్తీస్‌గఢ్‌లో బోరే బాసీ. రెండూ రాత్రి అన్నంలో నీరు పోసి ఉదయం తినేవే, మండువేసవిలో ప్రాణం లేచివచ్చేవే. క్యాంప్ 2లో తెలుగిల్లు, ఛత్తీస్‌గఢీ ఇల్లు గోడ పంచుకున్నట్లే ఈ రెండూ ఒకే కంచం పంచుకుంటాయి. అందులో పిడికెడు ఉప్పు, ఉల్లిపాయ, అరలీటరు నీరు. "మా ఆయన నీళ్ళు తాగడు, బాసీ తింటాడంతే" అన్న మాటలోనే సగం వ్యాధి చరిత్ర ఉంటుంది.

ఉత్తరాంధ్రనుంచి వచ్చిన కుటుంబాలకు మూత్రపిండ వ్యాధి కొత్త మాట కాదు. ఉద్దానంలో, అంటే కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస ప్రాంతాల కొబ్బరి, జీడి తోటల మధ్య, మధుమేహం లేనివారికీ, అధిక రక్తపోటు ఎరుగనివారికీ మూత్రపిండాలు మెల్లగా ఎండిపోతున్నాయి. దశాబ్దాల పరిశోధన తరువాత కూడా నిర్దిష్టమైన ఒకే కారణం తేలలేదు. నీరు, నేల, ఎండలో శ్రమ, వంశపారంపర్యం అన్నీ అనుమానితులే. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల మూత్రపిండ పరిశోధనా కేంద్రం, ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. హిరమండలం జలాశయంనుంచి ఉద్దానానికి తాగునీరు తెచ్చే పథకం కూడా అప్పుడే ఆరంభమయింది. ఛత్తీస్‌గఢ్‌లోనూ గరియాబంద్ జిల్లా సుపేబేడా గ్రామం ఇటువంటి విషాదానికే పేరుమోసింది. అక్కడా వేళ్ళు చూపేది నీటివైపే.

ఇలా రెండు రాష్ట్రాలకూ బంధువులున్న రోగికి ఒక ప్రత్యేకమైన చిక్కుంది. సంక్రాంతికో, పెళ్ళికో, చావుకో ఊరికి పోక తప్పదు. రెండు రోజులకు మించి ఉంటే అక్కడే డయాలిసిస్ చేయించుకోవాలి. 2016లో కేంద్రప్రభుత్వం ప్రకటించిన జాతీయ డయాలిసిస్ పథకం తరువాత జిల్లా ఆసుపత్రుల్లో పేదలకు ఆ సదుపాయం పెరిగింది. ఇది గొప్ప మేలు. కాని కొత్త కేంద్రంలోని యంత్రానికి ఈ మనిషి చరిత్ర తెలియదు. భిలాయిలో 1.5 కాల్షియం ద్రవానికి అలవాటుపడ్డవానికి అక్కడ 1.25 డబ్బా అందుబాటులో ఉండవచ్చు, లేదా 1.75 ఉండవచ్చు. ఊరికి పోయినప్పుడల్లా "నీరు పడలేదు, ప్రెషరు పడిపోయింది" అనుకునేవారిలో కొందరికైనా పడనిది ఆ నీరు కాదు, డబ్బామీది అంకె. రోగి జేబులో ఒక చీటీ ఉంటే ఆ చిక్కు తీరుతుంది: పొడి బరువు, ద్రవంలోని కాల్షియం, పొటాషియం, నాలుగు గంటల్లో పోటు ఎలా నడుస్తుంది, ఉదయం ఏ మాత్ర ఆపి రమ్మన్నారు. ఇవి కేంద్రంవారిని అడిగితే రాసి ఇస్తారు. అడిగేవారే తక్కువ.

పోటు పడిపోయిన ఆ రోగిని చూసిన వైద్యుడు కూడా మొదట అడిగినది కాల్షియం సంగతి కాదు. రెండు డయాలిసిస్‌ల మధ్య ఎంత బరువు పెరిగాడు? రక్తపోటు మాత్ర ఉదయం వేసుకుని వచ్చాడా? మధ్యలో ఇడ్లీ తిన్నాడా? తిన్న వెంటనే రక్తం కడుపువైపు మళ్ళి పోటు పడిపోవడం కద్దు. తరువాత రక్తపరీక్ష. కాల్షియం తక్కువే ఉంది. ఆల్బుమిన్ లెక్క సరిచూసినా తక్కువే. గుండె స్కానింగులో పట్టు కొద్దిగా సడలింది. ఛాతీ ఎక్స్‌రేలో నాళాలు సున్నం పట్టిన ఛాయలు లేవు. అప్పుడుగాని ఆయన ద్రవం అంకెను 1.25నుంచి 1.5కు మార్చలేదు. మూడు నెలల తరువాత మళ్ళీ చూడాలని కూడా రాశాడు. ఉదయపు రక్తపోటు మాత్ర డయాలిసిస్ రోజున సాయంత్రానికి మారింది. కాల్షియం మాత్ర రాత్రి పడకనుంచి మధ్యాహ్నపు కంచంలోకి వచ్చింది. బాసీ గిన్నె గ్లాసుల లెక్కలో చేరింది.

తరువాతి మంగళవారం బరువు రెండు కిలోలకన్న తక్కువే పెరిగింది. మూడవ గంటలో నర్సు వచ్చి చూసింది. 124/76. ఆవులింతలు లేవు. గోడవార బల్లమీద భార్య కునుకు తీస్తోంది. ఆమె చేతిసంచిలో, విజయనగరం రైలు టిక్కెట్లతోపాటు మడిచి పెట్టిన చీటీమీద ఆ అంకె నల్లసిరాతో గుండ్రంగా చుట్టి ఉంది.